ముత్తవ్వ పేజీ, ఆయేషా తీర్పు

కోరుట్లలో నా మ్యాచింగ్ సెంటర్ పక్కనే ఆయేషా డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, విలేకరులకిచ్చే ప్రెస్‌నోట్లు, ఊళ్లో అచ్చయ్యేదంతా ముందు ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నేను ఫాల్స్ కట్టల మీద ఇంత కునుకు తీస్తే, ఆమె ఇంటర్నెట్‌లో ఉండే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో పనిచేస్తుంది. జీతం లేదు, పేరు లేదు. ఎవరో ఒక పేజీ పెడతారు. అది ఉండాలా, తీసెయ్యాలా అని ఈమెలాంటివాళ్లు కూడి చర్చించి తేలుస్తారు.

"గా యూట్యూబ్ పోరన్ని లక్షల మంది చూస్తరు గదనే, ఆయన పేజీ ఎందుకు తీసేసిండ్రు?" అని ఒకసారి అడిగాను.

"చూసుడు వేరు రాధక్కా. ఆయనతోని ఏ సంబంధం లేనోళ్లు ఆయన గురించి ఎక్కడన్న ఇవరంగ రాసిండ్రా? గదే అడుగుతం."

నాకది వింతగా తోచింది. మనిషిని బాగా ఎరిగినవాళ్ల మాట చెల్లదట, ముక్కూమొహం తెలియనివాళ్ల మాట చెల్లుతుందట! ఇదెక్కడి న్యాయమని రోజూ ఆమెను గెలికేదాన్ని.

ఆ న్యాయం కాస్తా మా ఇంటికే వచ్చింది. మా పెద్దమ్మ ముత్తమ్మది కొడిమ్యాల. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ముచ్చట్లు చెబుతుంటే, కోడలు శ్రీలత ఫోన్లో తీసి యూట్యూబ్ ఛానల్లో పెడుతుంది. ముత్తవ్వ అంటే దుబాయిలో ఉన్నవాళ్లకు కూడా ఎరుకే. అయితే హైదరాబాద్‌లో ఏదో పెద్ద యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఆ ముచ్చట్లను పొల్లుపోకుండా ఎత్తుకుపోయి ఒక నటితో చెప్పించారు. ఇంకేముంది, అవి ఆ నటి మాటలే అనుకొని జనం పెద్దమ్మ వీడియోల కిందికొచ్చి "కాపీ కొట్టనీకె సిగ్గులేదా ముసల్దానా" అని రాయసాగారు. అవి చదివించుకున్న రోజు నుంచి ఆమె బీడీలు చుట్టడమే గాని నోరు విప్పింది లేదు. అదే సమయంలో అభిమాని ఎవరో విజ్ఞాన సర్వస్వంలో ఆమె ఛానల్ మీద పేజీ పెట్టారు. ఆ మాటలు ఎవరివో ఇక లోకానికి తెలుస్తుందని ఆశపడ్డామో లేదో, దాన్ని తీసెయ్యాలని చర్చ పెట్టారు.

పరుగున ఆయేషా దగ్గరికి పోయాను. మూడు పత్రికల జిల్లా పేజీల్లో వచ్చిన వార్తలు ఆమె ముందు పెట్టాను.

"సూడు, ఒకటి కాదు, మూడు! ఇగ పేజీ ఉంచాలని రాయి."

ఆమె చదువుతూ చదువుతూ ముఖం మాడ్చుకుంది. "రాధక్కా, గిది నేను టైప్ చేసిందే."

"ఏంది?"

"శ్రీలత అచ్చి ప్రెస్‌నోట్ కొట్టిచ్చుకున్నది గదా. గదే విలేకర్ల వాట్సాప్ గ్రూపుల ఏసినం. ముగ్గురు ఉన్నదున్నట్టు ఏసుకున్నరు. ఇగో, డెబ్బై రెండేండ్ల ముత్తమ్మ అని మూడిట్ల ఉన్నది. వయసు అడిగితే శ్రీలత ఎర్కలేదన్నది. ఇగ నేనే అందాజగ ఏసిన."

మా దిక్కు అంతే. ప్రెస్‌నోట్ అందిందంటే విలేకరికి ఆ పూట తిరుగుడు తప్పినట్టే.

"అయితే ఏమాయె? నీకూ నాకూ తప్ప ఎవలకెరుక? ఊకో."

"నాకెరుకైంది గదక్కా."

చర్చలో అదే రాసింది. మూడు వార్తలూ ఒకే నోట్ అనీ, టైప్ చేసింది తానేననీ, వయసు కూడా తన ఊహేననీ. పేజీ పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పెద్ద జడ్జివైనవు తియ్!" అని షట్టర్ దించుకొని ఇంటికి పోయాను. ఆనాటి నుంచి మాటలు బంద్.

సంగతి విని పెద్దమ్మే బస్సెక్కి వచ్చింది. నేను ఆపేలోగా నేరుగా ఆయేషా షాపులో కూర్చుంది.

"డెబ్బై రెండు నువ్వే ఏసినవా? నీ నోట్లె మన్నువడ! గంత ముసల్దాని లెక్క కొడుతున్ననా?"

ఆయేషా చెవులు పట్టుకుంది. పెద్దమ్మకు నవ్వొచ్చింది.

"సరే తియ్. నా సంగతి నీకెరుకే గదా, ఇగ నువ్వే రాయి."

"నేను రాస్తే చెల్లదవ్వా. మనం మనం ఎరుకైనోళ్లం."

"ఎరుకున్నోళ్లు రాస్తే చెల్లదు. ఎరుకలేనోళ్లు నా ఇంటికి రారు. మరి నా మాట నాదని ఎవలు చెప్తరు బిడ్డా?"

ఆయేషాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకొని కుర్చీ కంప్యూటర్ దగ్గరికి జరుపుకుంది.

"పేజీ నా చేతుల లేదవ్వా. గని నీ వీడియో ఎప్పుడు ఎక్కిచ్చిండ్రో తారీఖు ఉన్నది. ఎత్తుకపోయిండ్రని యూట్యూబోళ్లకు కంప్లైంట్ పెడుదాం. దానికి ఎవ్వల రాతలు అక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం వచ్చిన గిరాకీని రేపు రమ్మని పంపేసి, ఏది దేనికి నకలో ఒక్కొక్క వీడియో పక్కపక్కన పెట్టి చూపిస్తూ ఫిర్యాదు పంపింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. కోపం ఎక్కడ పోయిందో, ముగ్గురికీ చాయ్ చెప్పాను.

కొన్నాళ్లకు ఆ నకలు వీడియోలు తీసేశారు. పెద్దమ్మ మళ్లీ ముచ్చట్లు మొదలుపెట్టింది. ఒకరోజు వాటి కింద కువైట్ నుంచి ఎవరో రాశారు. "అవ్వా, గీ మాటలు నీయేనట గదా. ఇన్నొద్దులు నిన్నే తిట్టిన. తప్పైంది."

ఫోన్ తీసుకుపోయి ఆయేషా ముందు పెట్టాను. "సూడే! ఏ సంబంధం లేనోడు రాసిండు!"

"కామెంట్లు లెక్కకు రావు రాధక్కా," అంది. ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి పైకి చదివింది.