తోలా ఇంట్లో మగమనిషి లేడు

సరిహద్దు దాటొచ్చిన మావాళ్ళే ఎక్కువున్న మా సాన్ అమారో ఊళ్ళో తోలాని ఎరగనివాళ్ళు లేరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎస్తోలియా బర్రగాన్. మునిసిపల్ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పొద్దున్నే నా రొట్టెల కొట్లోకి వచ్చి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన తీపి రొట్టెని వేలితో నొక్కి, "చబేలా, ఇది నిన్నటిది కాదని ఒట్టేసి చెప్పు" అంటుంది. వేలు కాలుతున్నా సరే, అంటుంది. ఆ మాటకి నాకు ఏళ్ళ తరబడి ఒళ్ళు మండుతూనే ఉంది. ఆమె రాని రోజున కొట్టు బోసిపోతూనే ఉంది.

తోలాకి ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నాయి. మొగుడు క్రిస్పీన్‌కి లేవు. కుర్రతనంలో సరిహద్దు దగ్గర దొరికిపోయి, వేలిముద్రలిచ్చి వెనక్కి వెళ్ళినవాడు. మళ్ళీ ఎలాగో వచ్చాడు. బాదం తోటల్లో ట్రాక్టరు నడుపుతూ నడుపుతూ ముసలివాడయ్యాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ లోటు తీర్చింది నయెలి.

నయెలి పక్కింటి మరీక్రూస్ కూతురు. నారింజపళ్ళు పెట్టెల్లో సర్దే షెడ్డులో మరీక్రూస్‌కి పని, కాగితాలు ఆమెకీ లేవు. కడుపుతో ఉండగానే మొగుడు ఎటో చక్కాపోయాడు. బిడ్డ తల మీద ఫాదరు నీళ్ళు పోసిన రోజు ఎత్తుకున్నది తోలా, పక్కన నిలబడ్డది క్రిస్పీన్. చర్చి బయట వీధి పిల్లలంతా చిల్లర కోసం మీద పడితే, క్రిస్పీన్ జేబులు దులిపి నాణేలు గాల్లోకి విసిరాడు. ఒకటి ఫాదరు నెత్తి మీద పడింది. ఆ రోజు నుంచి నయెలికి తోలా నీనా, క్రిస్పీన్ నీనో, అంటే జ్ఞానతల్లీ జ్ఞానతండ్రీ. ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు కొమాద్రే, ఒకే బిడ్డకి ఇద్దరు తల్లులన్న వరస. మా వాళ్ళలో ఆ వరస ముందు తోడబుట్టినవాళ్ళు కూడా తర్వాతే. తల్లికేదైనా అయితే బిడ్డ నీనాది. అందులో అడిగేదీ చెప్పేదీ ఏమీ ఉండదు.

నయెలి బడికి పోతున్న రోజుల్లో, కాగితాలు లేనివాళ్ళని పట్టుకుపోయే వలస పోలీసులు మా లోయలోకి దిగారు. ముఖాలకి ముసుగులు, అద్దాలకి నల్లరంగు వేసిన బళ్ళు. ఒక్కో వీధిలో ఒక్కో ఇల్లు చీకటైపోయింది. మా మునిసిపల్ కౌన్సిల్ చేతులు ముడుచుకు కూర్చోలేదు, ఉన్నమాట చెప్పాలి. సభ పెట్టారు. మా ఊరి పోలీసులు వాళ్ళకి సాయం చెయ్యరని తీర్మానం చేశారు. ఇది ఊరి స్థలం, ఇక్కడ మీ బళ్ళు ఆపకూడదని పార్కు దగ్గర బోర్డులు పాతారు. జనం గుమిగూడితే వల వేస్తారని సెప్టెంబరు జాతర మానేశారు. మేయర్ ఉర్రుతియమ్మ మైకు పట్టుకుని, "మన పిల్లల్ని కాపాడుకోవడం మన చేతుల్లోనే ఉంది!" అంటే హాలు దద్దరిల్లిపోయింది. నేనూ అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను.

అన్నిటికన్నా పనికొచ్చే పని ఇంకోటి చేశారు. ఒక ఆదివారం గ్రంథాలయంలో వకీళ్ళని కూర్చోబెట్టారు. తల్లిని పట్టుకుపోతే పిల్లని ఎవరికి అప్పగించాలో తల్లి ముందే రాసి సంతకం పెట్టొచ్చు. ఖర్చు లేదు. కుర్చీలు వేసింది తోలా, కాఫీలోకి రొట్టెలు పంపింది నేను. మరీక్రూస్ కూడా వచ్చింది. సంతకానికి కాదు, తోలాకి సాయం చేయడానికి.

"ఎలాగూ వచ్చావు, ఆ సంతకమేదో పెట్టెయ్యి పిల్లా" అన్నాను.

మరీక్రూస్ నాలుక కరుచుకుంది. "అమ్మో! కొమాద్రే ఎదురుగానా? బిడ్డని చేతుల్లో పెట్టి దేవుడి ముందు ఒప్పుకున్నాక, ఇప్పుడు నమ్మకం చాల్లేదని కాగితం రాయనా? ఆమె మొహం ఎలా చూస్తాను?"

తోలా అటునుంచి కుర్చీ మోసుకొస్తూ వింది. "నా బిడ్డని నాకే రాసిస్తుందట! ఇదేమన్నా బల్లా, కుర్చీనా? చబేలా, నువ్వు రొట్టెల సంగతి చూసుకో తల్లీ, అవే సరిగ్గా కాలట్లేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ వకీళ్ళలో ఒక కుర్రది మా వంక అర్థంకాక చూసింది. అర్థమైనా ఆ పిల్ల చేయగలిగింది ఏముంది గనక! మా వరసలు మా నెత్తురులో ఉన్నాయి.

చలికాలం మధ్యలో ఒక రోజు పొద్దున మరీక్రూస్ కారుని షెడ్డు దారిలో ఆపారు. బడికి సెలవులని నయెలి వెనక సీట్లో కూర్చుని ఉంది. పిల్ల ఇక్కడ పుట్టింది, దాన్ని వాళ్ళేం చేసుకుంటారు? తల్లిని బండెక్కించి, పిల్లని తీసుకెళ్ళమని మా ఊరి పోలీసులకి ఫోను కొట్టారు. మా తీర్మానం ప్రకారం వాళ్ళకి సాయం చెయ్యకూడని మా పోలీసే వెళ్ళాడు. వెళ్ళకేం చేస్తాడు, ఏడేళ్ళ పిల్లని రోడ్డు మీద వదిలేస్తాడా? మరీక్రూస్ బండిలోంచి "మా కొమాద్రేకి ఇవ్వండి! తోలాకి ఇవ్వండి!" అని గొంతు చించుకుందట. రక్తసంబంధమా అని అడిగాడట. కాదు. కాగితం ఉందా? లేదు. ఇక అతను రూలు ప్రకారం కౌంటీ, అంటే జిల్లా, పిల్లల శాఖకి కబురు పెట్టి పిల్లని అప్పగించాడు. తోలా పరుగెత్తుకెళ్ళేసరికి ఖాళీ కారు ఒకటే ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా మేయర్ గదికి వెళ్ళింది. రోజూ తను తుడిచే గదే. ఉర్రుతియమ్మ లేచి వచ్చి కావలించుకుంది, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. "తోలా, పిల్లల శాఖ కౌంటీది. అది నా చేతుల్లో లేదమ్మా" అంది.

"చప్పట్లు కొట్టించుకున్న రోజున మీ చేతుల్లోనే ఉందన్నారు కదమ్మా" అంది తోలా.

పాపం, మేయరు చెడ్డ మనిషి కాదు. చెడ్డవాళ్ళయితే కడుపారా తిట్టుకునేదాన్ని, ఆ సుఖం కూడా లేకుండా పోయింది.

మరీక్రూస్‌ని ఎడారి అవతల ఏదో జైలుకి మార్చేశారు. సంతకం తెప్పిద్దామంటే ఏ జైలో కనుక్కునేసరికే ఇంకో జైలుకి పంపేసేవారు. చివరికి కౌంటీ నుంచి మిస్ లాంబర్ట్ అని ఒకామె తోలా ఇంటికి వచ్చింది. మా భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. నీనా అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. పిల్లని ఇవ్వడానికి అభ్యంతరం లేదంది. కాకపోతే ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరూ వేలిముద్రలు ఇవ్వాలి. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగింది. క్రిస్పీన్ తోటలో ఉన్నాడు. తోలా కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిందట. మీకు కుదరకపోతే వేరే ఊళ్ళో మంచి కుటుంబం ఉంది, పిల్లని పెంచుకోవాలని కూడా ఉంది వాళ్ళకి, ఆలోచించుకోండి అని చెప్పి ఆవిడ వెళ్ళింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం నా కొట్టు వెనక గదిలో కూర్చున్నారు. సొంతింట్లో మాట్లాడుకోవడానికి కూడా భయపడే రోజులు.

"వేళ్ళే కదే, ఇచ్చేస్తాను" అన్నాడు క్రిస్పీన్.

"నోర్ముయ్యి. ఒకసారి ఇచ్చినవి చాల్లేదా? వాళ్ళ మిషన్లో ఇంకా ఉన్నాయవి. పొద్దున ఇస్తే సాయంత్రానికి నిన్నూ ఎక్కిస్తారు."

"అయితే నేను లేనని చెప్పు."

"బతికున్న మొగుణ్ణి లేడని చెప్పనా?"

"వదిలేసి పోయాడని చెప్పు. మగాళ్ళు పోరా ఏంటి? మరీక్రూస్ మొగుడు పోలా?"

"నువ్వా?" తోలా అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్నెవత్తి తీసుకుపోతుందయ్యా? ఆ మోకాళ్ళ నొప్పులకి నూనె రాయలేక నేనే చస్తున్నాను. చెప్పినా ఎవరు నమ్ముతారు?"

క్రిస్పీన్ నవ్వాడు. తోలా కూడా నవ్వబోయి, నా ఏప్రన్‌లో మొహం పెట్టుకుని భోరుమంది. ఆ గొంతుని నేను అలా వినడం అదే మొదలు.

అతను తోటలో మందుల డబ్బాలు పెట్టుకునే రేకుల షెడ్డుకి మారాడు. బట్టలు, గడ్డం గీసుకునే కత్తి, గోడ మీది పెళ్ళి ఫోటో, అన్నీ పట్టుకుపోయాడు. మిస్ లాంబర్ట్ వచ్చి గదులన్నీ చూసింది, బాత్‌రూం అలమారు కూడా తీసి చూసింది. మొగుడు ఎప్పుడు వదిలిపోయాడంటే ఈమధ్యే అని ఏడుస్తూ చెప్పింది తోలా. ఆ ఏడుపు నిజమైనదే కాబట్టి నమ్మకుండా ఎలా ఉంటుంది? వేలిముద్రలు ఒక్క తోలావే తీసుకున్నారు. ఆ నెల తిరక్కుండానే నయెలి వచ్చింది.

వచ్చిన పిల్ల చేసిన మొదటి పని, ఇల్లంతా "నీనో! నీనో!" అని వెతకడం. మంచం కింద కూడా చూసిందట.

పిల్లకి అబద్ధం నేర్పడం ఎంత కష్టమో తోలా నా దగ్గర చెప్పుకుని కుమిలిపోయేది. మిస్ లాంబర్ట్ చెప్పాపెట్టకుండా వస్తుంది. పిల్లని విడిగా కూర్చోబెట్టి, ఇంటికి ఎవరైనా వస్తారా అని అడుగుతుంది. నయెలి నోరు జారితే మళ్ళీ కౌంటీకే. అందుకని తోలా గుండె రాయి చేసుకుంది. నీనో వెళ్ళిపోయాడు, ఎక్కడికో తెలియదు. రోడ్డు మీద కనిపిస్తే అది నీనో కాదు, ఎవరో పెద్దాయన. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని ఇదే చెప్పేదట, మిగతా ఆడవాళ్ళు పిల్లలకి ప్రార్థన చెప్పించినట్టు. మొదట్లో పిల్ల ఎదురు తిరిగింది. "నీనా, నన్ను తెచ్చుకున్నారని ఆయన్ని తీసుకుపోయారా?" అని అడిగిందట ఒకసారి. తర్వాత అడగడం మానేసింది.

క్రిస్పీన్ పనయ్యాక అప్పుడప్పుడు నా కొట్టుకి వచ్చేవాడు. రొట్టెలు ఓ వంక. పిల్ల తింటోందా, రాత్రిళ్ళు అమ్మ కోసం లేస్తోందా, ముందు పళ్ళు ఊడాయా. నాకు తెలిసినదంతా చెప్పేదాన్ని, తెలియనిది కల్పించేదాన్ని. మనిషి సగమైపోయాడు. షెడ్డులో మందుల వాసనకి దగ్గు పట్టుకుంది.

ఒక రోజు అతను అలా గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉండగా తలుపు తెరుచుకుంది. తోలా, ఆమె చెయ్యి పట్టుకుని నయెలి, వెనకాల మిస్ లాంబర్ట్. ఇల్లు చూసి వెళ్తూ, మీ ఊరి రొట్టెలు బాగుంటాయట కదా అని ఆవిడే కొట్టులోకి నడిపించిందట. తోలా మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చేతిలో పట్టకారు ఆగిపోయింది. క్రిస్పీన్‌కి పారిపోవడానికి దారి లేదు, గుమ్మం నిండా వాళ్ళే.

పిల్ల అతన్ని చూసింది. ఎంతకాలమైందో చూసి. అడుగు ముందుకు పడింది కూడా, నా కళ్ళారా చూశాను. అక్కడే ఆగింది.

"నమస్కారమండీ" అంది.

"నమస్కారం తల్లీ" అన్నాడు క్రిస్పీన్. టోపీ తీసి, పక్కకి జరిగి దారిచ్చాడు.

"ఎంత మర్యాదగల పిల్ల!" అని మిస్ లాంబర్ట్ మురిసిపోయింది. తోలాని మెచ్చుకుంది కూడా. బాగా పెంచుతున్నారమ్మా అంది. రొట్టెలు కట్టించుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. నయెలి వెనక్కి తిరిగి చూడలేదు.

క్రిస్పీన్ టోపీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"విన్నావా చబేలా?" అన్నాడు. "ఒక్క అక్షరం తడబడలేదు. ఇంక దాన్ని ఎవరూ తీసుకుపోలేరు."

ఆ మాట అంటూ ఏడ్చాడు.