గడియ లేని గదులు

జనక్‌పురి హాస్టల్ ఆంటీ పోయారు. ఒక ఉదయం వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "దీదీ, అమ్మ పోయింది. స్ట్రోక్. హాస్పిటల్ దాకా కూడా..." అని ఆగిపోయాడు. నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. అమ్మాయిల రిజల్ట్ ఇంకా రాలేదే అన్న భయం వచ్చింది. ఆ భయం ఏమిటో మీకు అర్థం కావాలంటే ఆవిడ గురించి చెప్పాలి.

ఆంటీది గుంటూరు వైపు. ఢిల్లీలో నర్సుగా చేసి రిటైరయ్యాక, మెడికల్ ఎంట్రన్స్ మళ్లీ మళ్లీ రాసే అమ్మాయిలకు తన ఇంటి పై అంతస్తు గదులు అద్దెకిచ్చారు. మన వైపు ఆ చదువును లాంగ్ టర్మ్ అంటారు. ఢిల్లీలో మమ్మల్ని డ్రాపర్లు అనేవాళ్లు. పేరేదైనా, తోటివాళ్లంతా కాలేజీలకు వెళ్లిపోయాక అవే పుస్తకాల ముందు ఇంకో ఏడాది కూర్చోవడమే. రాసేవాళ్లు కోకొల్లలు, సీట్లు కాసిని.

చేరిన రోజే నాకు ఒళ్లు మండింది. బాత్రూములకు తప్ప ఏ గది తలుపుకూ లోపల గడియ లేదు. పీకేసిన చోట స్క్రూల రంధ్రాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"గడియ లేదేంటి ఆంటీ?" అని అడిగాను.

"ఉంటే ఏసుకుంటావు గదమ్మా" అన్నారు.

ఇదేం హాస్టలని ఇంటికి ఫోన్ చేసి తిట్టిపోశాను. కొన్నాళ్లకు వంట చేసే దీదీని అడిగితే, పెనం మీద రొట్టె తిప్పుతూ "పహలే ఏక్ బచ్చీ థీ..." అంది, ఇదివరకు ఒక పిల్ల ఉండేదని. అంతే. రొట్టె మాడుతున్నా చూసుకోలేదు. ఆ తర్వాత నేను గడియ ఊసెత్తలేదు.

మధ్యాహ్నాలు ఆంటీ బీపీ మిషన్ చంకన పెట్టుకుని గది గదికీ వచ్చేవారు. "డాక్టరమ్మా, ఓసారి నా బీపీ చూడవే" అని చెయ్యి చాపేవారు. ఒకళ్లు ఒకటి చెబితే ఇంకొకళ్లు ఇంకోటి చెప్పేవాళ్లం. అన్నింటికీ "అట్టాగా" అనేవారు. మేం ముల్లు వైపు చూస్తుంటే ఆవిడ మా మొహాల వైపు చూస్తుండేవారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పోయిన క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు నేనే చూశాను, బీపీ బాగా ఎక్కువుంది. "మిషన్ పాడయిందిలే" అని కొట్టిపారేశారు. పాడయింది మిషన్ కాదు.

భోజనానికి ముందు ప్రార్థన చేసేవారు. సీటు రావాలని కూడా ప్రార్థించండి ఆంటీ అంటే, "దేవుడొచ్చి కౌన్సెలింగులో కూర్చోడమ్మా" అని, పిల్లలకు నిద్ర పట్టనియ్యి తండ్రీ అని మాత్రం అడిగేవారు. ఆమెన్ మేమే గట్టిగా అనేవాళ్లం.

రిజల్ట్ రోజు ఎవరూ గదిలో ఒంటరిగా ఉండకూడదు. అందరం కింద హాల్లో కూర్చుని ఫోన్లు చూసుకోవాలి, అక్కడే తినాలి, అక్కడే పరుపులేసుకుని పడుకోవాలి. మూడోసారి కూడా నాకు సీటొచ్చే మార్కులు రాలేదు. లేచి మెట్ల వైపు వెళ్తుంటే పిలిచారు.

"పైకి పోమాక. కాళ్లు లాగుతున్నయ్, కాసేపు పట్టవే."

పడుతూ ఏడ్చాను. "రాలేదు ఆంటీ" అన్నాను.

"రాలేదు. ఇంకాస్త పైన నొక్కు" అన్నారు.

ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. ఆ రాత్రి నేను బతికి ఉన్నది ఆ కాళ్లు పడుతూనే. ఇవాళ ఘాజియాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తూ, సుఖంగానే ఉన్నాను.

ఆంటీని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడికకు వెళ్లేసరికి పైన డ్రిల్లింగ్ మిషన్ మోత. వాళ్లబ్బాయి తలుపులకు గడియలు పెట్టిస్తున్నాడు. చెడ్డవాడు కాదు, తల్లి పోయిన దుఃఖంలో ఏం చెయ్యాలో తోచక ఏదో ఒకటి చేస్తున్నాడు.

"రిజల్ట్ అయ్యేదాకా ఆగు తమ్ముడూ" అన్నాను.

"ప్రైవసీ తో చాహియే నా దీదీ. పేరెంట్స్ అందరూ గడియలు కావాలని అడుగుతున్నారు."

రిజల్ట్ రోజు సెలవు పెట్టి వెళ్లాను. హాలు ఖాళీగా ఉంది. పైన తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఇంతమంది ఆడపిల్లలున్న ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. మొదటి తలుపు నుంచి కొట్టుకుంటూ వెళ్లాను. ఒక్కొక్కరే బయటికొచ్చారు. కొందరి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒకమ్మాయి నవ్వలేక నవ్వుతోంది. చివరి గది మాత్రం తెరుచుకోలేదు. అందులో ఉన్నది విజయనగరం అమ్మాయి, ఈసారి రాయడం తనకూ మూడోసారి. ఫలితం చూసుకుని లోపలికెళ్లి గడియ వేసుకుందని పక్కగది పిల్ల చెప్పింది.

కొట్టాను. మళ్లీ కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. నా వెనక అమ్మాయిలు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకున్నారు. ఒకమ్మాయిని కిందికి పంపాను, ఆంటీ వాళ్లబ్బాయిని పిలుచుకు రమ్మని. తలుపు బద్దలు కొట్టాల్సిందేనని అనుకుంటుండగా లోపలి నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"వస్తున్నా ఆంటీ."

అలవాటులో అనేసింది. ఆంటీ లేరని ఆ వెంటనే గుర్తొచ్చినట్టుంది, అడుగుల చప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఊఁ, తియ్యమ్మా" అన్నాను.

కొత్త గడియ, బిగుతుగా ఉంది. లోపలి నుంచి తను లాగుతోంది, రావడం లేదు. మేమందరం బయట నిలబడి ఆ చప్పుడే వింటున్నాం.