బాలశౌరి ఇంట్లో నలుగురు రోగులు

లాక్‌డౌన్‌లో బాలశౌరి తన ఇంట్లో నలుగురు రోగులను దాచాడని ఐర్లండ్‌లోని మా అత్లోన్ తెలుగువాళ్లలో పుట్టిన పుకారు అబద్ధం. నలుగురున్న మాట నిజమే. వాళ్లు అమెరికాలో ఉంటారు, ఫుట్‌బాల్ ఆడతారు, బాలశౌరి ఎవరో వాళ్లకు తెలియదు. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి వదులుకోలేకపోవడం, అదీ ఇతని జబ్బు.

మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, మా పక్కింటివాడు. గోడ అవతల ఫోనులో మావాడికి మోకాలు పోయిందంటుంటే నేను ఊరుకునేదాన్నా? ఎంతమందికి బాగాలేదని అడిగాను.

"నలుగురాంటీ. ఇద్దరికి మోకాళ్లు, ఒకడికి తొడ, ఇంకోడికి కోవిడ్."

మిరియాల చారు కాచి అతని గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాను. నలుగురి చారూ ఒక్కడే తాగి గిన్నె కడిగి ఇచ్చాడు. ఈ సంగతి నేను చెప్పింది ఒక్క నా స్నేహితురాలు కృష్ణవేణికే. మిగతా ఊరికి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. పదిమంది స్నేహితులు ఫోనులో ఉత్తుత్తి జట్లు కట్టుకున్నారు. అక్కడ ఆటగాడు బాగా ఆడితే ఇక్కడ వీళ్లకు పాయింట్లు. వారం వారం జట్టుకూ జట్టుకూ పోటీ, పాయింట్లు ఎక్కువ వచ్చినవాళ్లది గెలుపు. దెబ్బ తగిలినవాణ్ణి వదిలేసి కొత్తవాణ్ణి తెచ్చుకోవచ్చు. వదిలినవాడు వేవర్ అనే ఉమ్మడి జాబితాలోకి వెళతాడు. అక్కడ అతన్ని కోరుకున్నవాళ్లలో అట్టడుగు జట్టుకే ముందు దక్కుతాడు. అందరూ ఇలాగే నెగ్గుకొస్తారు. బాలశౌరి మాత్రం మంచంలో ఉన్నవాణ్ణి ఎలా తీసేస్తామంటాడు. దాదాపు ప్రతి వారం ఓడతాడు.

"మరి గెలిచేదెప్పుడయ్యా?"

"వాళ్లు లేచాక."

వినేవాళ్లకు బీపీ.

నవంబరులో కృష్ణవేణి భర్త దత్తాత్రేయ కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరాడు. చూడటానికి ఎవరినీ రానివ్వరు. అతనూ ఆ పదిమందిలో ఒకడు. అతని జట్టులోనూ దెబ్బలే, ఒక మనిషి తక్కువ, కొత్తవాణ్ణి వెతుక్కునే ఓపిక అతనికి లేదు. వరసగా రెండు వారాలు జట్టు నిండకపోతే ఆ చోటు బయట కాచుకున్న రాజ్‌కిరణ్‌కు పోతుంది. నియమం రాసింది బాలశౌరే. ఒక వారం అప్పటికే గడిచిపోయింది. ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి దత్తాత్రేయ భార్యను ఫోనులో అడిగేది ఒకటే: నా చోటు ఉందా?

ఆ వారం, ఎవరినీ వదలని బాలశౌరి ఒకణ్ణి వదిలాడు. రోగిని కాదు. గుండ్రాయిలా ఉండి, జట్టుకు నాలుగు పాయింట్లు తెచ్చే ఒకే ఒక్కణ్ణి. స్నేహితులు ఫోన్లు చేసి తిట్టారు. ఆటేమిటో సరిగా తెలియకపోయినా నేనూ గోడ దగ్గర చివాట్లు పెట్టాను. అప్పటికి అట్టడుగున ఉన్నది దత్తాత్రేయ జట్టని ఎవరికీ తట్టలేదు. భర్త జట్టు తెరిచి ఏ పేరు నొక్కాలో బాలశౌరి ముందే ఫోను చేసి కృష్ణవేణికి చెప్పాడట. దత్తాత్రేయ జట్టు నిండింది, చోటు నిలిచింది. పైగా ఆ ఆదివారం బాలశౌరి పోటీ దత్తాత్రేయ జట్టుతోనే, ఆ ఆటగాడే బాలశౌరిని ఓడించాడు.

దత్తాత్రేయ ఇంటికొచ్చాక కృష్ణవేణి ఇదంతా చెప్పింది. ఇక ఆగలేక, బాలశౌరి చెత్త బిన్ను బయట పెడుతుంటే పట్టుకుని అడిగేశాను.

"ఉన్న ఒక్క బాగున్నవాణ్ణీ ఆయనకెందుకు ఇచ్చావయ్యా?"

"ఈ ఏడాది మొత్తం మీద నేను గెలిచింది ఒక్క దత్తాత్రేయ గారి మీదే ఆంటీ. ఆయన్ని కూడా పోగొట్టుకుంటే ఇంకెవరి మీద గెలుస్తాను?"