బారువ అన్న జవాబు

ఏళ్ళ తరబడి ఒక మాట గొంతుకి అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. పోయిన వారం ఒకసారి కక్కాను, పనికిరాలేదు. అందుకే ఇలా మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. తెలిస్తే ఎవరితో చెప్తారో అని మళ్ళీ అదొక అనుమానం. నా బుద్ధే అంత.

అనుమానం నాకు పుట్టుకతో ఉంది. దానికి తోడు, అనుమానించడమే పాఠంగా ఉన్న చదువులో చేరాను. టెక్కలిలో ఎంటెక్. కంప్యూటర్లకి కాపలా కాసే చదువు. దొంగ ఏ సందులోంచి దూరతాడు, తలుపు ఎలా బిగించాలి, వచ్చి వెళ్ళిన జాడ ఎలా పట్టాలి, ఇదే గొడవ. మొదటి క్లాసులోనే సారు అన్నారు, ఎవర్నీ నమ్మొద్దు, లోపలున్నవాణ్ణి కూడా తనిఖీ చెయ్యి అని. ఆయన యంత్రాల సంగతి చెప్పారు. నేను మనుషులకి అంటగట్టాను. తప్పు ఆయనది కాదు లెండి.

సింహాచలం నా గదిలో ఉండేవాడు. మాది పలాస, మా నాన్న బడిపంతులు. వాడిది మందస అవతల ఉద్దానంలో ఒక ఊరు, జీడితోటలున్న రైతు కుటుంబం. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళం. వాడికి మేనమామ కూతురు గౌరితో పెళ్ళి ఖాయమై ఉంది. ఆ అమ్మాయిది బారువ. వాడు డిగ్రీలో చేరేటప్పుడు వాడికి మెయిలు తెరిచిపెట్టింది కూడా ఆమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా పాపమంతా దీని మీదే నడిచింది.

రెండో ఏడు ప్రాజెక్టు పని మొదలైంది. మోసపు మెయిళ్ళని ముందే పసిగట్టే పద్ధతి ఒకటి నా బుర్రలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మా గైడు వాణ్ణి గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చి వాడు నన్ను చూసి నవ్వాడు. అంతే, ఒట్టి నవ్వు. ఏమన్నారంటే ఏమీ లేదన్నాడు. ఏమీ లేనిదానికి నవ్వెందుకు? నా కాగితాలు చూశాడా? నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఫొటోలు తీసి గైడుకి పంపించేశాడా? నాకు అన్నం సయించలేదు. వాడు ఫోను తీస్తే చాలు, ఏం చూస్తున్నాడో అని భుజం మీంచి తొంగిచూసేవాణ్ణి. వాడు మాత్రం ఇంటి నుంచి తెచ్చిన జీడిపప్పు నా పుస్తకాల పక్కన పెట్టి, "తినీ బావా, సిక్కిపోనావు" అనేవాడు. దాన్ని కూడా అనుమానించాను. మంచి చేసుకుంటున్నాడు, ఏదో ఉందని.

వాడు ఊరెళ్ళిన ఒక మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని వాడి మెయిలు పేరు కొట్టాను. పాస్‌వర్డు మర్చిపోయారా అన్నచోట నొక్కాను. ప్రశ్న వచ్చింది. మీ అమ్మ పుట్టిన ఊరు ఏది?

నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్న రాసినవాడెవడో గానీ మా ఉద్దానం మొహం చూడలేదు. అక్కడ కోడలై వచ్చిన మనిషిని సొంత పేరుతో పిలిచేదెవరు? పుట్టినూరే ఆమె పేరు. సంతబొమ్మాళి నుంచొస్తే సంతబొమ్మాళోలమ్మ, బారువ నుంచొస్తే బారువోలమ్మ. సింహాచలం ఇంట్లో భోంచేస్తుంటే పక్కింటామె గోడ మీంచి వాళ్ళమ్మని "ఓ బారువోలమ్మా, కుంచెం సింతపండుంతే ఇద్దూ" అని అరవడం నేనెన్నిసార్లు వినలేదు! వీధి వీధంతా అరిచే మాటని తెచ్చి రహస్యమని తాళం వేసుకున్నారు బావామరదళ్ళు. చిన్నప్పట్నుంచీ విన్న పిలుపు కాబట్టి వాడి చెవికది ఊరి పేరులా వినబడదు. అమ్మ పేరు, అంతే.

బారువ అని రాశాను. తలుపు తెరుచుకుంది.

నా ప్రాజెక్టు గురించి ఒక్క ముక్క లేదు. వాడి పని వేరు, నా పనికీ దానికీ సంబంధమే లేదు. మిగతావన్నీ గౌరికి రాసినవి, గౌరి రాసినవి. అక్కడితో ఆపి లేచిపోవాల్సింది. లేవలేదు. చదివాను. ఒకదాంట్లో వాడు రాశాడు, మా బావ నాకంటే తెలివైనోడు, ఆడు పక్కనుంటే నాకు ధైర్యం, ఈమధ్య ఎందుకో దిగులుగా ఉంటన్నాడు, మీ ఊర్నుంచి మంచి ఎండుచేపలుంటే పంపు, ఆడికిష్టం అని. సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువేసింది. ఎందుకంటే లోపలికి వెళ్ళడానికి నేను కొత్త పాస్‌వర్డు పెట్టేశాను. పాతది నాకు తెలీదు, తిరిగి పెట్టే దారి లేదు. రేపు వాడు తెరవబోతే తెరుచుకోదు. కాపలా చదువు చదివినవాణ్ణి, ఇంతమాత్రం ముందే ఆలోచించలేదు.

వాడు తిరిగొచ్చాక గది ముందు మెట్ల మీద కూర్చున్నాం. ఆ మాటలు నాకు ఇవాళ్టికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"బావా, నా మెయిల్లోకి ఎవులో దూరీసినారు. పాసువర్డు మార్చీసినారు."

"ఏటి రాస్తే తెరుసుకుంతాదది?" అన్నాను, తెలియనట్టు.

"మాయమ్మ పుట్టినూరు."

"అది ఎవులికి తెల్సు?"

"గౌరికి తెల్సు. ఆ ప్రశ్న పెట్టిందే అది. నాను ఇంకెవులితోనైనా మాటాడతన్నానేమో అని సూసుంతాదా?"

మీ వీధిలో కోడిపిల్లక్కూడా తెలుసు కదరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వీధంతా తెలుసంటే, ఆ వీధిలో భోంచేసి వెళ్ళే నాకూ తెలుసనే కదా. అందుకని వేరే మాట అన్నాను.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు బావా."

నోరు పడిపోయినా బాగుండేది.

వాడు బారువ వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాడు. నేను కాదంది. నువ్వు కాక ఇంకెవులన్నాడు. ప్రమాణం చెయ్యమన్నాడు. నమ్మకం లేనోడికి ప్రమాణం దేనికి, ఫో అందిట గౌరి. మంచి తెగువ గల పిల్ల. పెద్దవాళ్ళు ఎంత చెప్పినా ఇద్దరూ దిగిరాలేదు. సంబంధం చెడింది, అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. సింహాచలం వాళ్ళమ్మ మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. వీధిలో వాళ్ళు మాత్రం బారువోలమ్మా అనే పిలుస్తారు. నేనెళితే ఆమె ఇప్పటికీ నాకే ముందు వడ్డిస్తుంది. ఆ అన్నం ఎలా తింటున్నానో నన్నడక్కండి.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదు? భయం అని చెప్పొచ్చు. కానీ లోపల తవ్వుకుని చూస్తే ఇంకోటి తగులుతుంది. ఆ రోజు నుంచి వాడు నన్ను తప్ప ఎవర్నీ నమ్మడు. అది నాకు నచ్చింది. ఛీ, రాయడానికే చెయ్యి రావట్లేదు. నిజం మాత్రం అదే.

ఇప్పుడు నేను పలాసలో పిల్లలకి కంప్యూటరు చెప్తాను. బడులకెళ్ళి, మీ రహస్యాలు ఎవరికీ చెప్పకండమ్మా అని ఉపన్యాసాలు కూడా ఇస్తాను. వాడు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాడు. తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆమె నెమ్మదైన మనిషి. పోయిన వారం వాడు మా ఇంటికొచ్చి జేబులోంచి ఒక ఫోను తీశాడు. పెళ్ళానిది, ఆమెకి తెలియకుండా తెచ్చాడు. ఎవరితో మాట్లాడుతోందో చూసి చెప్పమన్నాడు. ఈమధ్య తనలో తను నవ్వుకుంటోందిట. ఒట్టి నవ్వు.

ఇందులో ఏమీ లేదు, తీసుకెళ్ళి ఆమెకిచ్చేయ్ అన్నాను.

"సూడకుండా నీకెలాగ తెల్సు?" అన్నాడు.

వాడి చూపు మారింది. నా మొహంలో ఏదో వెతుకుతున్నాడు. నాకూ ఆమెకీ ముడిపెడుతున్నాడని నాకర్థమైంది. ఇంకో ఆడదాని కాపురం నా నోటి మీదుంది. అప్పుడు చెప్పేశాను. ఆనాడు నీ మెయిల్లోకి దూరింది నేను, గౌరి కాదు, నా మాట నమ్మి నువ్వు పాడైపోయావు, ఈమెనైనా బతకనీ అన్నాను. చేతులు పట్టుకున్నాను.

వాడు నవ్వాడు. "ఎవులు సెప్పమన్నారు నీకు? గౌరా?"

ఎండుచేపల మాట చెప్పాను, ధైర్యం మాట చెప్పాను, అందులో చదివినవన్నీ చెప్పాను. అవన్నీ గౌరికీ తెలిసినవే కదా అన్నాడు. ఆమే నీకు చెప్పుంటుందన్నాడు. ఎప్పట్నుంచి కలుస్తున్నారు మీరిద్దరూ అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది పెళ్ళానికి తిరిగిచ్చాడో, ఇంకొకడి దగ్గరికి పట్టుకెళ్ళాడో తెలీదు. రెండుసార్లు వాళ్ళ వీధి మొగదాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఇంకోసారి వెళ్ళాలి. ఈసారి ఆమెతో కూడా చెప్పాలి.

నాకు క్షమాపణ అక్కర్లేదు. ఇచ్చే హక్కున్నవాళ్ళెవరూ మీలో లేరు. కానీ అబద్ధం లేకుండా ఇంత పొడుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఊపిరి కొంచెం ఆడుతోంది, సిగ్గులేకుండా. వాడు నమ్మలేదు. వాడికి నమ్మడం రాకుండా చేసింది నేనే. మీరైనా నమ్మండి. ఆ మధ్యాహ్నం బారువ అని రాసింది నేను. గౌరి కాదు.