రెండు గీతల గాజుపలక

ఒట్టు వేయడానికి నా మెడలో తాళి లేదు. మనవరాలి తలమీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది జరిగింది.

కోయంబత్తూరులో ఒక కాలేజీ ల్యాబులో ఎలుకల గూళ్లు కడుగుతాను. మైక్రోస్కోప్ కింద పెట్టే గాజుపలకలూ నేనే సర్దుతాను. చదువు రాదు. అందుకే ఎలుక కణాల పలకకు పెన్సిల్‌తో ఒక గీత, మనిషివైతే రెండు. ఇది జరగడానికి ముందురోజు పలకలు తారుమారయ్యాయని పెద్దసారు కోప్పడ్డారు. మళ్లీ జరిగితే పనిలోంచి పొమ్మన్నారు.

మర్నాడు సాయంత్రం, అక్కడ పరిశోధన చేసే మేడమ్ కొత్త మందు సీసా తెరిచింది. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు. ఎలుక కణం పైన చక్కెర అంటుకున్న ప్రోటీన్ ఒకటి ఉంటుందట. ఈ మందు దాన్నే వెతికి పట్టుకుంటుంది. పట్టుకుంటే నీలం వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. మనిషి కణాన్ని ముట్టదు. పోల్చి చూడటానికి మెరవని పలక ఒకటి కావాలని, పుల్లతో నా బుగ్గ లోపల గీకి కణాలు తీసుకుంది.

మైక్రోస్కోప్ గది తలుపు మూసింది. నల్లతెర దించింది. బయట ఇంకా ఎండ... లోపల నడిరాత్రి. ఫ్యాను గిర్రుమంటోంది. అంతే శబ్దం.

ఒక గీత పలక పెట్టింది. మెరిసింది. రెండు గీతల పలక పెట్టింది...

పలక బయటికి తీసి గీతలు చూసింది, మళ్లీ పెట్టింది.

"ఏమి కణ్ణూ?" అన్నాను. మేడమ్‌ది మా పక్క ఉడుమలైపేట, ఇంట్లో మా తెలుగే; ముద్దుగా కణ్ణూ అంటాను.

"అక్కా, పలక మార్చినారా?"

పని పోయిందనుకున్నాను. మార్చలేదన్నాను. తనే మళ్లీ నా బుగ్గ గీకింది. గీతలూ తనే గీసింది. నన్ను ముట్టనివ్వలేదు. తన బుగ్గ గీకి ఇంకో పలక చేసింది. తనది చీకటి. నాది... నన్నే చూడమంది. వంగి చూశాను. ఆకుపచ్చ ఉంగరాలు. ఒకదాని పక్కన ఒకటి... అచ్చం ఎలుకదానిలాగే.

పసుపు కూడా ఆ వెలుగులో మెరుస్తుందట. "పసుపు ముట్టినారా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"ఆయన పోయినాక నాకు పసుపేది కణ్ణూ? ఈ దినం కూర కూడా వండలే. అమావాస, ఒక్కపొద్దు."

ఆమె నీలం వెలుగు ఆర్పింది. నా పలకలు రెండూ పగలగొట్టి డబ్బాలో వేసింది. మందు చెడిపోయిందేమో అంది. సారుతో చెప్పను, మీ పని పోదు, మీరూ ఎవరికీ చెప్పొద్దు అంది. చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు.

పని ఉంది. ఆ మందూ చెడిపోలేదు, ఎలుక కణాలకు బాగానే మెరుస్తోంది. ఇదివరకు నా చెయ్యి చూస్తే ఎలుకలు మూలకు పారిపోయేవి. ఇప్పుడు గూడు తెరిస్తే... పారిపోవు. ఒక్కొక్కటే వచ్చి, నా వేళ్లు వాసన చూసి, అక్కడే పడుకుంటాయి.

నిన్న మనవరాలు ముద్దుపెట్టబోతే... బుగ్గ పక్కకు తిప్పుకున్నాను. అది ఏడ్చింది. ఏమని చెప్పను దానికి?