వీపు మీది మన్ను

మా పక్కనే కుస్తీ నేర్పే గరిడి నడిపిన వస్తాదు గారు మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూశారు. కబురు తెచ్చిన నా మనవరాలు ఏడవలేదు. "రేపట్నుంచి నన్ను గరిడిలోకి రానిస్తారా, జేజీ?" అని అడిగింది. గరిడి తాళంచెవి ఇక పెద్ద శిష్యుడిది. వాడు మా పిల్లతో మాట్లాడడు.

ప్రొద్దుటూరులో మా వీధి నిద్ర లేచేది గరిడి గోడ అవతలి పార చప్పుడుకే. కుస్తీ పట్టే గోదాలోని ఎర్రమన్ను తిరగదవ్వి మజ్జిగ, పసుపు, నువ్వులనూనె కలిపేవారు. ఎంతటి పైల్వానైనా ముందు పార పట్టాలి. గెలిచినవాడు ఓడినవాడి వీపు మీది మన్ను తన చేత్తో తుడవాలి. బడిలో నేను పెట్టిన ఏ నియమమూ అంత బాగా నడవలేదు.

మనవరాలు కుస్తీ నేర్చుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఆడపిల్లోళ్లు గోదాలో దిగరు టీచరమ్మా. మా వస్తాదు కాలం నుంచీ ఇదే కట్టుబాటు."

"మీ వస్తాదు సెల్‌ఫోను పట్టుకున్నాడా? మీరు పట్టుకోని తిరుగుతాండారే!"

ఆయన నవ్వలేదు. కొన్నాళ్లు నన్ను చూస్తే తల తిప్పుకున్నారు. తర్వాత ఒక ఉదయం పార తెచ్చి మా పిల్ల చేతికిచ్చారు.

"ముందు తవ్వు పాపా. చేతులు బొబ్బలెక్కినాక మాట్లాడదాం."

చలికాలమంతా తవ్వింది. ఆ తర్వాతే పట్లు నేర్పారు. కట్టుబాటును తెంచకుండానే అందులో మా పిల్లకు చోటు చూపిన మనిషి ఆయన.

ఒకరోజు మా పిల్ల జమ్మలమడుగు నుంచి వచ్చే పెద్ద శిష్యుణ్ణే వెల్లకిలా పడేసింది. "ఏంది మామా, చిన్నపిల్ల చేతిలోనా!" అని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడు చొక్కా అందుకుని నడిచాడు.

"యాడికి పోతాండావురా? మన్ను తుడిపిచ్చుకో!"

"ఆ పిల్లతోనా? నా వల్ల కాదు వస్తాదూ."

ఆనాటి నుంచి వాడు మా పిల్లతో తలపడలేదు. చెవి పట్టుకుని వాడి వీపు తిప్పించరాదా అని నేను వస్తాదు గారిని అడిగాను.

"వానంతట వాడు తిప్పాల వీపు. నేను తిప్పిస్తే అది వీపే గానీ మనిషి గాదమ్మా" అన్నారు.

శుక్రవారం సాయంత్రం కబరస్తాన్ నుంచి మగవాళ్లు తిరిగొచ్చారు. మేమిద్దరం గరిడి గడప దగ్గర నిలబడి ఉన్నాం. సమాధిలోకి దిగి వస్తాదు గారి దేహాన్ని అందుకున్నది పెద్ద శిష్యుడేనట. వాడి చొక్కా నిండా మన్ను. తాళం తీశాడు. లోపలికి పోలేదు. వచ్చి మా పిల్ల ఎదుట వీపు తిప్పి నిలబడ్డాడు.

అది అరచేత్తో మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. ఆ మన్ను ఇంకా తడిగానే ఉంది.