మైకు దొరికేదాకా

నేను చర్చి మానేయడానికి సిద్ధాంత కారణాలేవీ లేవు. నిజామాబాద్‌లో పీజీ చదివేటప్పుడు ఆదివారం పొద్దున నిద్ర బాగా పట్టేది. ఆర్మూర్ తిరిగొచ్చి ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. దేవుడితో తగువేమీ లేదు. మాటలు లేవంతే.

తగువు వచ్చింది సంఘపెద్దతో. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో అందరికీ 'సారు'. ప్రతి ఆదివారం అందరి తరఫునా చేసే విజ్ఞాపన ప్రార్థన ఆయనదే. ప్రార్థనలో మేం ఎవరి పేరూ చెప్పం. చెప్పాల్సిన అవసరమూ రాదు.

"ప్రభువా, పసుపు ఏరి కొడుకును చదివించిన ఒక విధవరాలు మా మధ్యల ఉన్నది. ఆ కొడుకు పిల్లలకు కప్ప గురించి చెప్తున్నడు గని నిన్ను మరిచిండు. పొద్దుగూకితే కల్లు దుకాణంల కూసుంటున్నడు. వాన్ని ముట్టు తండ్రీ!"

చర్చి మీది మైకు హారన్ మార్కెట్ యార్డు వైపు తిరిగి ఉండేది. దేవుడికి వినపడిందో లేదో గాని, పక్కూరు పెర్కిట్ దాకా వినపడింది.

అమ్మ అప్పటికీ యార్డులో పసుపు ఏరే పనికి పోయేది. సోమవారం నాడు పక్కన కూర్చున్నామె అడిగిందట: "అక్కా, నీ కొడుకు కల్లు ఇడిసిండా? దేవునికి దరఖాస్తు వెట్టిండ్రు గద మైకుల!" అమ్మ నాకు చెప్పలేదు. ఆమె కూతురు మా కాలేజీలోనే చదివేది, అట్లా తెలిసింది. ముందు వరుస కోసం అరగంట ముందే చర్చికి పోయే అమ్మ, ఆ తర్వాత పాటలు మొదలయ్యాక పోయి గోడ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూశాక సారును ఊరికే వదలకూడదనుకున్నాను.

ప్రార్థనకు ఎదురు చెప్పడానికి లేదు. అందరూ కళ్లు మూసుకుని ఉంటారు, మధ్యలో అడ్డొచ్చినవాడు సైతాను కింద లెక్క. ప్రార్థనను ప్రార్థనతోనే కొట్టాలి. అందుకు మైకు కావాలి. ఆర్నెల్లు విడవకుండా వచ్చినవాడికే మైకు అని పాస్టరయ్యగారి నియమం. నేను దేవుడి దగ్గరికి తిరిగి వెళ్లింది ఇట్లా. మారినవాళ్లు చర్చిలో చెప్పే సాక్ష్యాలు ఇంతకంటె అందమైనవి చాలా విన్నాను.

కల్లు మానేశాను. ఆయుధం పట్టుకున్నవాడు తూలకూడదు కదా. ఆ ఆయుధం ఏమిటంటే, కల్లు దుకాణంలో రోజూ నా ఎదురుగా కూర్చునే మనిషి సారు సొంత కొడుకే. తండ్రితో మాటలు తెంచుకుని మాక్లూర్‌లో గది తీసుకుని ఉండేవాడు. నాకు ఉడకబెట్టిన శనగ గుడాలు తినిపించిందీ, రెండో సీసా తెప్పించిందీ అతనే. తాగడం మానినా అతణ్ణి అప్పుడప్పుడు కలుస్తూనే ఉన్నాను.

మొదటి ఆదివారం సారు నా చెయ్యి పట్టుకుని, "నా ప్రార్థన యాడికి వోతది బిడ్డా!" అన్నారు. నేను వినయంగా నవ్వాను. అంత వినయం నాలో ఉందని నాకే తెలియదు.

రోజూ స్కూటర్ మీద కాలేజీకి పోతూ నా ప్రార్థన సాధన చేసేవాణ్ణి. చెవిలో తీగ పెట్టుకుని మాట్లాడేవాళ్లు అప్పటికి ఊళ్లో లేరు కాబట్టి, జనం నన్ను పిచ్చివాడిగానే చూశారు. మాటమాటకూ పదును పెట్టాను. ఒక్కటే ఇబ్బంది. 'ప్రభువా' అని ఎవరినో ఒకరిని పిలవకుండా ప్రార్థన మొదలు కాదు. మొదట్లో ఆ పిలుపు గొంతు సవరించుకోవడం లాంటిదే. వానలు పోయి పసుపు తవ్వకాలు మొదలయ్యేసరికి, పిలిచాక కాసేపు ఆగడం అలవాటైంది, అవతల ఎవరో వింటున్నట్టు. పగ మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. శత్రువు కోసం అన్నాళ్లు రోజూ ప్రార్థించినవాణ్ణి మా సంఘంలో నేనొక్కణ్ణే.

చివరికి పాస్టరయ్యగారు మైకు నా చేతికిచ్చారు.

"ప్రభువా, కల్లు దుకాణంల ఉన్న నన్ను గుంజుకొచ్చినవు, స్తోత్రం. ఆడ నా ఎదురుంగ ఇంకొకడు ఉండె. వాడు ఇంక ఆడనే ఉన్నడు. వాని తండ్రి మంది పిల్లల కోసం మైకుల ప్రార్థన జేస్తున్నడు గని, సొంత కొడుకు యాదికి లేడు. ఆ తండ్రికి యాది చెయ్యి ప్రభువా!"

"ఆమేన్" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ. పీజీలో ఫస్టుక్లాసు వచ్చిన రోజు కూడా నాకంత హాయిగా లేదు.

బయట చెప్పుల దగ్గర సారు నిలబడి ఉన్నారు. తిడతారని రెండు జవాబులు సిద్ధంగా పెట్టుకున్నాను.

"వాడు తింటున్నడా?" అన్నారు.

"తింటున్నడు సార్."

"బక్కగైండా?"

"జరంత."

చెప్పు కోసం కాలితో వెతుకుతూ, నా వైపు చూడకుండా అడిగారు. "నా ముచ్చట ఎప్పుడన్న తీసిండా?"

అబద్ధం చెప్పొచ్చు. నిజం బాగా కోస్తుందని తెలుసు, పైగా నిజం చెబితే పాపం కాదు.

"లేదు సార్. ఒక్కసారి గూడ తియ్యలే."

ఆయన సరేనన్నట్టు తలాడించి, గేటు దాటి వెళ్లిపోయారు.

దారిలో అమ్మ మెచ్చుకుంటుందని చూశాను. యార్డు దాటాక అంది, "సారు ఇంటామె ఇయ్యాల నా పక్కకచ్చి కూసున్నది. నువ్వు ప్రార్థన జేస్తుంటె నా చెయ్యి వట్టుకున్నది. ఆమేన్ అన్నంక గూడ ఇడువలే."

"నీ కోసమే చేసిన అమ్మా."

"నా కోసమైతే నన్నడుగుతుంటివి."

తర్వాతి ఆదివారం నాకు చర్చిలో పనేమీ లేదు. అనుకున్నది అయిపోయింది. అమ్మ రమ్మనలేదు. అయినా చొక్కా వేసుకుని వెళ్లి వెనక కూర్చున్నాను. సారు రాలేదు. ప్రార్థన ఇంకెవరో చేశారు. నేను కళ్లు మూసుకుని, గొంతు బయటికి రాకుండా నా పిలుపు పిలిచాను. చెప్పుల దగ్గర నేనన్న మాట నిజమే కదా అని వాదన మొదలుపెట్టాను. నిజమే, కాదనలేదు ఎవరూ. మరి ఎందుకంత బాగా చెప్పావు అన్న దగ్గర ఆగిపోయాను. సారును క్షమించే సంగతి నేను ఎత్తలేదు, అటువైపు నుంచి కూడా తొందరపెట్టలేదు. చివరి ఆశీర్వాదం అయ్యేసరికి వాదన తెమల్లేదు.

అందుకే పై వారం కూడా వెళ్లాను.